నా కోత వార్తకు ఆయన సముద్రం

ఆయనకు సముద్రం ఉంది, నాకు వరి ఉంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రామచంద్రపురంలో ఓ దినపత్రికకు విలేకరిగా పనిచేస్తున్నప్పుడు నా ఏడుపంతా ఇదే. ఆయనంటే అదే పత్రికకు ఉప్పాడ నుంచి రాసే విలేకరి. సముద్రం తానే వచ్చి ఆయన గుమ్మంలో వార్త పెట్టి పోయేది. రోడ్డు కొట్టుకుపోయింది, కొబ్బరిచెట్లు పడ్డాయి, ఇళ్లు కూలాయి. నాకేముంది? కాలువలకు నీళ్లు వదిలారు, కాలువలకు నీళ్లు కట్టేశారు. ఆ రెంటి మధ్య వరి పెరుగుతుంది. వరి పెరగడం ఎవరికి వార్త?

ఆయన రాసినవి మొదటి పేజీలో వచ్చేవి. నావి జిల్లా పేజీల్లో, సినిమా హాళ్ల ప్రకటనల పక్కన, డెస్క్ వాళ్లు కత్తిరించగా మిగిలినంత వచ్చేవి. నెలనెలా కాకినాడలో మీటింగు పెట్టి మా ఇన్‌చార్జి గారు ఉప్పాడ వార్తలున్న పేజీలు బల్ల మీద పరిచేవారు. ఓసారి చూపించిన ఫోటోలో ఇల్లంతా పోయి ఒక్క గోడ మిగిలింది. కింద కెరటం. గోడ మీద మసగ్గా ఏదో వేలాడుతోంది. ‘ఉప్పాడలో కూలిన ఓ ఇల్లు’ అని కింద ఒక్క ముక్క.

“చూడండయ్యా, ఫోటో అంటే ఇదీ!” అన్నారు ఇన్‌చార్జి గారు.

అందరూ ఆహా అన్నారు. కళ్లలో నిప్పులు పోసుకుంటూనే నేనూ అన్నాను. ఉప్పాడ ఆయన మాత్రం తల వంచుకుని టీ తాగుతూ కూర్చున్నారు. ఆ వినయం చూస్తే ఇంకా ఒళ్లు మండింది. కాస్త పొగరు చూపించినా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ని.

ఇంటికొచ్చి ఆ అక్కసంతా మా ఆవిడ దగ్గర వెళ్లగక్కాను.

“మీకూ ఓ సముద్రం కావాలా ఏంటండీ?” అంది అన్నం వడ్డిస్తూ.

కావాలి అనబోయి ముద్దతో పాటు మింగేశాను.

ఇలా ఉండగా మా పత్రిక ఇంటర్నెట్‌లోకి వచ్చింది. హైదరాబాదులో నెట్ డెస్క్ అని ఒకటి పెట్టారు. అక్కడి సబ్ ఎడిటర్ మా అందరికీ ఫోన్లు చేసి, “క్లైమేట్ ఛేంజ్ మీద ఏమైనా రాయండి, ఇప్పుడంతా అదే” అన్నాడు. అప్పటిదాకా మేం అకాల వర్షం అని రాసుకునేవాళ్లం, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇంగ్లీషు పేరు పెట్టగానే దానికి ఎక్కడలేని మర్యాదా వచ్చింది. ఆ నెట్‌లో మొదట ఎవరి పేరు కనిపించిందో చెప్పక్కర్లేదు. ఆయన ఫోటోలు చూసి పై దేశాల వాళ్లు మెయిళ్లు పంపారట. నాకు అన్నం సహించలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉప్పాడ ఊసు లేకుండా నా వార్త నా పేరుతో అక్కడ కనిపించాలి. అప్పట్లో దేవుణ్ని నేను అడిగింది అదొక్కటే.

దేవుడు విన్నాడు. మా మావయ్యగారి పొలం కోసి పనలు వేసిన మర్నాడే వాన పట్టుకుంది. వదల్లేదు. నేను వెళ్లేసరికి చేలో పనలు నీళ్లలో తేలుతున్నాయి. మావయ్యగారు ఓ పన ఎత్తి చూపించారు. గింజ గింజకీ తెల్లటి మొలక.

“ఈ రోజుల్లో ఈ వానేంటి అల్లుడుగారూ?” అంటూ గట్టు మీద కూలబడ్డారు. ఆయన కళ్లల్లో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

నాకు జాలి వేయలేదని కాదు. జాలికంటే ముందు మొదటి వాక్యం తోచింది. ఆ కన్నీళ్లు, ఆ మొలకలు, ఆ గట్టు అన్నీ కలిపి, ‘కోతపై వాతావరణం దెబ్బ’ అని శీర్షిక కూడా నేనే పెట్టి ఫ్యాక్స్ చేశాను.

నెట్‌లో పెట్టామని హైదరాబాదు నుంచి ఫోన్ రాగానే నెట్ సెంటరుకు పరిగెత్తాను. తెలుగు ఫాంటు దించుకునేదాకా తెర మీద అన్నీ పిచ్చి గీతలే. ఆ తర్వాత అక్షరాలు వచ్చాయి. నా శీర్షిక. దాని కింద నా పేరు! కింద ఫోటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. మబ్బు వచ్చింది. గోడ వచ్చింది. ఆ తర్వాత కెరటం వచ్చింది.

వరిచేలో కెరటమేంటి?

సముద్రం ఒడ్డును తినేయడాన్ని కూడా మేం కోత అనే రాస్తాం. తూర్పు గోదావరి నుంచి కోత వార్త అనగానే హైదరాబాదులో ఆ మహానుభావుడికి ఉప్పాడే గుర్తొచ్చి, ఆ పాత ఫోటో తగిలించేశాడు. నా బతుక్కి ఒక్క వార్త, దానిలోకీ ఆయన సముద్రం వచ్చేసింది. ఆ ఫోటోను తినేసేలా చూశాను.

పేపర్లో నల్లగా అలుక్కుపోయిన ఫోటోను రంగుల్లో చూడటం అదే మొదలు. గోడ మీద మసగ్గా వేలాడింది క్యాలెండరు. ఆకుపచ్చ అంచు, పైన మా పత్రిక గుర్తు. ఏటా విలేకర్లకు మాత్రమే ఇచ్చే క్యాలెండరు. మా వంటింటి తలుపు పక్కనా అదే ఉంది. ఉప్పాడలో మా పత్రికకు ఉన్నది ఒక్కరే విలేకరి.

పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి ఆయనకు ఫోన్ చేశాను.

“మీ వార్తకి నా ఫోటో ఏసేశారంట కదండీ,” అన్నారు ఆయనే ముందు. “ఏమనుకోకండి, నేను పంపలేదండి బాబూ.”

“ఆ ఇల్లు మీదాండీ?”

“అవునండి. ఇప్పుడు మా బావమరిదింట్లో ఉంటన్నామండి.”

“మరి ఎక్కడా రాయలేదేంటండీ?”

“ఓ ఇల్లు కూలిందని రాశాను కదండీ. ఇంకా ఏం రాయమంటారు?”

ఆ రోజుతో ఆయన మీద కుళ్లు పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. మావయ్యగారి చేను మునిగితే నేను వార్త పొడుగునా ఏడ్చాను, కింద నా పేరు కనిపిస్తే సంబరపడ్డాను. ఇల్లే పోయిన మనిషి ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. కూలిన ఓ ఇల్లు. ఆ ముక్క నేను రాయలేనని నాకు తెలుసు, అందుకే ఇప్పటికీ కడుపు మండుతుంది.