మూడో పేజీలో తాత

ఇది ఉక్కు నగరంలో మూడు తరాల మహాగాథ. ఇందులో కొలిమి మంటలుంటాయి, చెమట ఉంటుంది, కన్నీళ్లుంటాయి, చివర్లో ఒక ఆడపిల్ల విజయం ఉంటుంది.

అని మొదలుపెట్టాలని నాకు చాలా ముచ్చటగా ఉంది. కానీ జరిగింది అది కాదు. జరిగిందల్లా ఒక దరఖాస్తు ఫారం. అందులో మూడో పేజీ, ఆ పేజీలో ఏడో గడి. కన్నీళ్లు మాత్రం వచ్చాయి, అవి అమ్మ పకోడీలకు తరిగిన ఉల్లిపాయలవి.

నాకు మా ఊరి పక్కనే ఉన్న దుర్గ్‌లో ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా సీటొచ్చింది. ఆ బ్రాంచిలో ఆడపిల్లలం నలుగురం. మా లాంటి వాళ్ల కోసమే ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఫీజు కడుతుంది, లెక్కల్లో వెనకబడితే సాయంత్రం క్లాసులు పెడుతుంది, వారానికోసారి ఫోన్‌లో సందేహాలు అడగడానికి ఉద్యోగం చేస్తున్న ఒక ఇంజినీరమ్మను కేటాయిస్తుంది. మా నాన్నది ఉక్కు ప్లాంటులో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పని. ఉన్న నెల ఉంటుంది, లేని నెల లేదు. కాబట్టి స్కాలర్‌షిప్ వస్తే మెకానికల్. రాకపోతే మా వైశాలి నగర్ ఇంటికి నడిచివెళ్లేంత దూరంలో బీఏ.

ముఖ్యమైన షరతు ఒక్కటే. అమ్మానాన్నలు, తాతలు, నానమ్మ, అమ్మమ్మ, వీళ్లలో ఎవరూ సాంకేతిక విద్య చదివి ఉండకూడదు. ఏడో గడిలో "ఎవరూ లేరు" అని హిందీలో రాశాను.

మా తాత ప్లాంటులో ముప్ఫై అయిదేళ్లు పనిచేశాడు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, కూలీగా చేరి, ఫిట్టరుగా రిటైరయ్యాడు. హిందీ గడగడా మాట్లాడతాడు కానీ చదవలేడు. అందుకని ఇంటికొచ్చే ప్రతి కాగితం ఆయనకు చదివి వినిపించాలి, కరెంటు బిల్లుతో సహా.

"ఏటి రాసినావు?" అన్నాడు.

"ఇంట్లో టెక్నికల్ చదువు ఎవరికీ లేదని."

"ఎవరికీ అంటే?"

"ఎవరికీ అంటే ఎవరికీ, తాతా."

"మరి నానెవుడ్నే?"

ఆ వెంటనే తాత నిరాహార దీక్షకు దిగాడు. అది పొద్దుటి టీ నుంచి పదకొండు గంటల టీ దాకా అప్రతిహతంగా సాగింది. మధ్యలో తిన్న రెండు బిస్కెట్లు లెక్కలోకి రావని ఆయన వాదన.

తర్వాతి వారం ట్రస్టు నుంచి ఒక దీదీ ఇల్లు చూడ్డానికి వస్తోందని కబురొచ్చింది. అమ్మ ముందే హెచ్చరించింది: "మావయ్యా, ఆవిడున్నంతసేపూ మీరు ఒక్క ముక్క మాటాడకండి. గుంటదాని సదువు పోద్ది."

"నాకెందుకమ్మా మాటలు! నానేటి సిన్నపిల్లోడినా?"

దీదీ మిట్టమధ్యాహ్నం వచ్చింది. కూలర్ ఫుల్లులో పెట్టి కూర్చోబెట్టాం. నాన్న పని, ఇంటి అద్దె, నా మార్కులు, అన్నీ అడిగి రాసుకుంటోంది. తాత గోడకానుకుని, ఇచ్చిన మాట ప్రకారం దాదాపు పది నిమిషాలు మౌనంగా ఉన్నాడు. మా ఇంట్లో అది రికార్డు.

అప్పుడు కూలర్ మూలిగింది.

తాత లేచాడు. అలమారలోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. దాని మొన కూలర్ మోటారుకు ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని కళ్లు మూసుకున్నాడు. దీదీ కలం ఆగిపోయింది.

"వెనక బేరింగ్ పోయింది. ముందుది బాగానే ఉంది," అని తాత హిందీలో తీర్పు చెప్పాడు.

"దాదాజీ, ఇది ఎక్కడ నేర్చుకున్నారు?"

అమ్మ వంటింటి గుమ్మంలోంచి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. తాత ఆ వైపు చూడలేదు. పింఛను కాగితాల ఫైలు తెచ్చి, అందులోంచి ఒక సర్టిఫికెట్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. యంత్రాల నిర్వహణలో మూడు రోజుల శిక్షణ అని ఉంది దాంట్లో. దీదీ రెండుసార్లు చదివి, ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటానని బయటికెళ్లింది.

నాకు బీఏ సిలబస్ కళ్ల ముందు కదిలింది. అయినా చెయ్యి ఊరుకోలేదు, స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. పదిహేడేళ్లుగా అది తాత చెవి దగ్గర కనిపిస్తూనే ఉంది. నేనెప్పుడూ ఎందుకని అడగలేదు. చిన్నప్పుడైతే చెవిలో గుబిలి తీసుకుంటున్నాడనుకునేదాన్ని.

"ఏటినబడతంది?"

"గరగర."

"గరగరంటే సాలదు. ఒక్కలాగే వస్తందా, ఆగాగి వస్తందా?"

మళ్లీ విన్నాను. మోటారంతా నా దవడలోకి దిగినట్టుంది. ఆ హోరు కింద, సన్నగా, ఒక్కో చుట్టుకీ ఒక చిన్న టక్కు.

"ఆగాగి. టక్, టక్ మని."

"అదీ! బేరింగ్ లోపలొక గోళీ అరిగింది." తాత ముఖం వెలిగింది. "ఇప్పుడు ముందేపు బేరింగ్ కాడ పెట్టు. తేడా సూడు."

"సదువు పోతందిరా నాయనా అని నానుంటే, మీకు గోళీలా!" అంది అమ్మ.

దీదీ లోపలికొచ్చింది. "దాదాజీ, ఆ శిక్షణలో పరీక్ష పెట్టారా?"

"పరీక్ష లేదు. మూడ్రోజులూ భోజనం పెట్టారు."

ఆ మాట యథాతథంగా ఫోన్‌లోకి వెళ్లింది. పరీక్ష లేనిది చదువు కిందికి రాదని అటునుంచి జవాబొచ్చింది. కాకపోతే తనకు సాంకేతిక విద్య లేదని ఆయనే సంతకం పెట్టి ఇవ్వాలట.

నేను హిందీలో రాశాను. తెలుగులో చెప్పి వినిపించాను. తాత కలం అందుకున్నాడు.

"సదువు లేదని రాసినావా, పని రాదని రాసినావా?"

"చదువు లేదని."

"పని గురించి?"

"దానికి గడి లేదు తాతా."

"ఉండాల్సింది," అన్నాడు. కాగితం మోకాలి మీద సర్దుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టు తెలుగులో సంతకం చేశాడు. దాని కింద తన ఉద్యోగపు టోకెన్ నంబరు వేశాడు. ప్లాంటులో అలవాటది; నంబరు లేని సంతకం ఆయన దృష్టిలో సంతకమే కాదు. ఇదేమిటని దీదీ అడిగితే, "నేనే," అన్నాడు.

స్కాలర్‌షిప్ వచ్చింది. ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్నాను. తాతకు చదువు లేదన్న ఆ కాగితం ఏటా కొత్తగా రాసివ్వాలి, దానికి రెండు జిరాక్సులు జతచేయాలి. స్టేపుల్ కొట్టకూడదు, స్కానర్‌లో ఇరుక్కుంటుంది.