క్యాసెట్ చివర ‘వీసా రెడీ’

బహ్రెయిన్‌లో మామీర్ దగ్గరి మా లేబర్ క్యాంపులో శుక్రవారం మధ్యాహ్నాలు క్యాసెట్లు నింపేవాళ్లం. ఇంటికి మాట పంపాలనుకున్నవాళ్లు నా టేప్ రికార్డర్ ముందు కూర్చునేవారు. సెలవు మీద ఊరెళ్లే వాళ్లెవరో ఒకరు ఆ క్యాసెట్లు పట్టుకెళ్లేవారు. నేను కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, సిత్రాలో ఒక ఫ్యాక్టరీలో వాల్వులు సరిచూసే పనిలో ఉండేవాణ్ణి. అందుకని రికార్డింగ్ పని అడక్కుండానే నా నెత్తిన పడింది. కొన్ని నియమాలు పెట్టాను. ఒకటి, ఫ్యాన్ ఆపాలి. రెండు, మైకుకు జానెడు దూరంలో కూర్చోవాలి. మూడు, ఏడుపొస్తే చెయ్యెత్తాలి, నేను టేపు ఆపుతాను. నాలుగోది నేను పెట్టింది కాదు, ఆ గది ఆచారం. చివర్లో గదిలో ఉన్నవాళ్లంతా ఆ ఇంటివాళ్లను తలా ఒక మాట పలకరించాలి.

మా బస్సు నడిపే హైదరాబాద్ భాయ్‌ది ఎప్పుడూ ఆఖరి వంతు. ఎవరి తమ్ముడికైనా, ఎవరి బావమరిదికైనా ఆయన చెప్పేది ఒకటే: “జల్ది రా, వీసా రెడీ!” అందరం నవ్వేవాళ్లం. అక్కడితో క్యాసెట్ అయిపోయేది.

నా పక్క మంచం ఆయన మేస్త్రీ. ప్రాణహిత ఒడ్డున ఊరు, నది దాటితే మహారాష్ట్ర. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను మామూలుగా తమ్మీ అని, ఆటపట్టించేటప్పుడు ఇంజనీరు సాబ్ అని పిలిచేవాడు. ఆ రోజుల్లో బహ్రెయిన్‌లోనూ గొడవలు నడుస్తున్నాయి. ఊళ్ల మొదట్లో టైర్లు కాలేవి. చెక్‌పోస్టులో బస్సు ఆపితే మేమంతా జేబుల్లో గుర్తింపు కార్డుల కోసం వెతుక్కునేవాళ్లం. అన్న మాత్రం ముందు రెండు చేతులూ ఎదుటి సీటు మీద పెట్టేవాడు.

“కార్డు తియ్యన్నా, అడుగుతున్నారు.”

“ముందుగాల చేతులు కనబడాలె తమ్మీ. మా తాన గంతే.”

ఆ మాటకు అర్థం తర్వాత తెలిసింది. వాళ్ల ఊరాయన ఒకడు సెలవు నుంచి తిరిగొచ్చి అన్న వాళ్ల నాన్న చెప్పమన్న మాట చెప్పాడు. అన్న తమ్ముడు రెండేళ్ల కిందట నక్సలైట్ దళంలో కలిశాడు. ఇప్పుడు నది అవతలి అడవిలో ఉన్నాడు. ఇవతల ఊరి బడిలో పోలీసు క్యాంపు పడింది. కొడుకును లొంగిపొమ్మను, ఏమీ చెయ్యం అని పోలీసులు నాన్నకు చెబుతున్నారు. లొంగిపోయినవాణ్ణి ఇన్‌ఫార్మర్‌గానే చూస్తామని అడవిలోవాళ్లు కబురు పంపారు. వాడు అప్పుడప్పుడు చీకట్లో ఇంటికొచ్చి తిని పోతాడు. పెద్దోడి మాటైతే వింటాడు, ఒక క్యాసెట్ పంపించమన్నాడు నాన్న.

“నువ్వు సదువుకున్నోనివి. రమ్మని జెప్పాల్నా, వద్దని జెప్పాల్నా?” అని అన్న అడిగాడు.

కాగితం తీసి మధ్యలో గీత గీశాను. ఎడమవైపు ‘వస్తే’, కుడివైపు ‘రాకపోతే’. మా పనిలో ప్రతి వాల్వుకూ ఒక క్షేమమైన స్థితి ఉంటుంది. గాలి ఒత్తిడి పోయినప్పుడు అది తెరుచుకోవాలా మూసుకోవాలా అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఈ కుర్రాడికి ఏది క్షేమమో నాకు అంతుపట్టలేదు. ఎవరి వల్ల ప్రమాదమో రాశాను. ఎడమవైపు పోలీసులు, అడవివాళ్లు. కుడివైపు పోలీసులు. ఒక పేరు తక్కువుంది కదా అని కుడివైపే మేలనుకున్నాను. ఆ ఒక్క పేరు చేతిలో తుపాకీ ఉందని గుర్తొచ్చి మళ్లీ మొదటికొచ్చాను.

“రాసుడైందా ఇంజనీరు సాబ్?”

“అర్థం కావట్లేదన్నా.”

“నాకైతే రాయకముందే అర్థం కాలే.”

ఫ్యాన్ ఆపాను. అన్న బర్రె గురించి మాట్లాడాడు. నాన్న మోకాలికి పసరు కట్టమన్నాడు. నదిలో నీళ్లు ఎక్కువున్నప్పుడు దాటొద్దన్నాడు. రెండుసార్లు చెయ్యెత్తాడు. చివరికి, “నీకు మంచిగ అనిపించింది జెయ్యి బిడ్డా” అని ఊరుకున్నాడు. రమ్మనలేదు, వద్దనలేదు. వరసలో అందరం పలకరించాం. భాయ్ వంతు వచ్చింది.

“క్యా తమ్మీ, అడవిల ఏం దొరుకుతది? జల్ది ఇంటికి రా, వీసా రెడీ! మీ అన్న పక్కకే మంచం గూడ ఏసినం!”

అన్న ఆ పూట నవ్వింది అప్పుడే. అందుకని ఆ మాటను అలాగే ఉంచేశాం.

కొంతకాలానికి అన్న మనామాలో టెలిఫోన్ బూత్ నుంచి ఊరి దగ్గరి బూత్‌కు ఫోన్ చేశాడు. నేనూ భాయ్ బయట నిలబడ్డాం. బయటికొచ్చిన అన్న భాయ్‌నే చూస్తున్నాడు.

“వచ్చిండంట.”

“అల్లాకా షుకర్!” అన్నాడు భాయ్.

“దుబాయి ఎప్పుడు పోవాలె అని అడుగుతుండంట. వీసా రెడీ అని ఇన్నడంట గద.” వాళ్ల ఊళ్లో గల్ఫ్ ఎక్కడైనా దుబాయే.

భాయ్ ముఖం వాడిపోయింది. “అరె భాయ్, నేను అందరికీ గట్లనే అంటా గద…”

“మనకు ఎర్కనే. వానికేం ఎర్క?”

అన్న అంత ఆలోచించి చెప్పిన మాటకు కాకుండా, ఎవరూ నమ్మని మాటకు వాడు నది దాటాడు. వచ్చాడని సంతోషపడాలో, లేని వీసా కోసం వచ్చాడని భయపడాలో నాకు తెలియలేదు. తర్వాతి ఫోన్లలో మిగతాది తెలిసింది. లొంగిపోయినవాణ్ణి రోజూ పొద్దున్నే స్టేషన్‌లో కూర్చోబెడుతున్నారు. జీపులో తీసుకెళ్లి అడవి దారులు చూపించమంటున్నారు. అడవి నుంచి, ఊళ్లో ఉంటే మిగలవని కబురొచ్చింది. ఇక వాడు బతకాలంటే ఆ వీసా నిజం కావాలి.

భాయ్ తన కఫీల్ ఇంటి చుట్టూ తిరిగాడు. కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే అరబ్బు యజమాని. ఆయన పిల్లల్ని సెలవు రోజుల్లో కూడా బడి ఆటలకు దింపాడు, ఎండలో ఆయన కారు కడిగాడు. చివరికి ఆ కఫీల్ గోడౌన్‌లో హెల్పర్ వీసా ఇస్తానని ఒప్పుకున్నాడు, పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచి కాగితం కూడా ఇచ్చాడు. గదిలో టీ పార్టీ చేసుకున్నాం. నేను కావలసిన కాగితాలన్నీ వరసగా చెబుతూ పోయి పాస్‌పోర్టు దగ్గర ఆగిపోయాను. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ కావాలి. చెయ్యాల్సింది అదే స్టేషన్. ఇక్కడ దారులు చూపించే పనైపోనీ, తర్వాత సంతకం పెడతాం అన్నారట వాళ్లు. ఆ పని ఎప్పటికి అవుతుందో చెప్పలేదట.

మళ్లీ శుక్రవారం, మళ్లీ ఫ్యాన్ ఆపాను.

“జర ఓపిక పట్టు బిడ్డా. ముంగటి సీట్ల కూసోకు, జీపుల. అందరి నడుమ కూసో,” అన్నాడు అన్న. మైకు ముందు నుంచి పక్కకు జరిగాడు.

మేమంతా పలకరించాం. భాయ్ వంతు వచ్చింది. ఆయన మైకు వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

“చెప్పు భాయ్,” అన్నాడు అన్న మెల్లగా. “నువ్వు జెప్తెనే ఇంటడు వాడు.”

భాయ్ మైకుకు జానెడు దూరంలోకి జరిగాడు. “తమ్మీ… వీసా రెడీ.”

ఈసారి అది నిజం. ఎవరూ నవ్వలేదు. ఇంకేమైనా అంటాడేమోనని నేను టేపు అలాగే నడవనిచ్చాను.