కొండమ్మకీ మా ఇంటి నెట్‌కీ ఏ సంబంధమూ లేదు

దయ్యాలూ చేతబడులూ నేను నమ్మను. ఇదంతా జరిగాక కూడా నమ్మడం లేదు.

నర్సీపట్నంలో నాకు మోటార్లకి వైండింగ్ కట్టే షాపు ఉంది. రైతులు కాలిపోయిన బోరు మోటారు ఆటోలో వేసుకొచ్చి, "నిన్నటిదాకా బాగానే తిరిగిందండీ, ఎవరి కళ్ళు పడ్డాయో" అంటారు. విప్పి చూస్తే బేరింగు అరిగిపోయి ఉంటుంది, లేదంటే లోపలికి నీళ్ళు దిగి ఉంటాయి. కారణం లేకుండా కాలిన మోటారు ఇంతవరకు నా చేతికి రాలేదు.

అలాంటి నేనే ఒక ముసలావిడ మీద చిల్లంగి అనే మాట వేశాను. మా వైపు చేతబడిని అలా అంటారు. నవ్వులాటకే అన్నాను. కానీ మా వైపు ఆ మాట నవ్వులాటగా మిగలదని నాకు తెలియకపోలేదు. ఇప్పుడు ఆవిడ గురించే మా వీధిలో ఇంకో కథ నడుస్తోంది. మొదటిదీ తప్పే, ఇదీ తప్పే. జరిగింది జరిగినట్టు చెప్పాలని రాస్తున్నాను.

మేము మేడ మీద వాటాలో అద్దెకుంటాం. మా వీధికి కేబుల్ నెట్ రాలేదు. అందుకని సిమ్ వేసుకునే రౌటర్ పెట్టించాం. టవర్ ఉన్న వైపు కిటికీలో అది ఉంటుంది. నా భార్య కుమారి ఇంట్లోంచే పని చేస్తుంది. విశాఖపట్నంలోని ఒక ఆఫీసు వాళ్ళ వెబ్‌సైట్ తెరిచి, ఆసుపత్రి బిల్లుల వివరాలు అందులో ఎక్కిస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి తనకంటూ దొరికిన మొదటి ఉద్యోగం అది.

కొన్నాళ్ళకి ఆ ఒక్క వెబ్‌సైటే మొరాయించడం మొదలుపెట్టింది. రౌటర్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. వీడియోలు వస్తాయి, వార్తలు వస్తాయి. ఆఫీసు సైటు మాత్రం తెల్లగా ఉండిపోయి, మధ్యలో సున్నా గిరగిరా తిరుగుతుంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు తెరుచుకుంటుంది. మళ్ళీ పోతుంది. ఫోన్‌లోంచి నెట్ పెట్టినా అదే కంపెనీ సిమ్ కాబట్టి అదే తంతు.

రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. వేరే కిటికీలో పెట్టి చూశాను. సిమ్ తీసి తుడిచి పెట్టాను. కస్టమర్ కేర్ వాళ్ళు "మీ సిగ్నల్ బాగుంది సార్" అన్నారు. ఆఫీసు వాళ్ళు తమ సైటు బాగుందన్నారు. ఇలాగే ఉంటే పని వేరేవాళ్ళకి ఇస్తామని కూడా అన్నారు. కుమారి ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

ఇక్కడ కొండమ్మ సంగతి చెప్పాలి. ఆవిడది చింతపల్లి అవతల ఒక కొండ ఊరు. కూతురు దగ్గర ఉందామని నర్సీపట్నం దిగింది. అడ్డాకులు తెచ్చుకుని, మా గేటు పక్కన నీడలో కూర్చుని, సన్నటి పుల్లలతో విస్తర్లు కుట్టి అమ్ముకుంటుంది. సరిగ్గా మా కిటికీ కిందే ఆవిడ చోటు.

నెట్ పోయిందని కుమారి ఫోన్ చేసినప్పుడల్లా నేను షాపు వదిలి ఇంటికి వచ్చేవాణ్ణి. వచ్చేసరికి గేటు పక్కన కొండమ్మ, ఆవిడ పక్కన నా భార్య. ప్రతిసారీ అంతే. సైటు ఆగిపోతే చేసేదేమీ లేక కుమారి కిందికి దిగి, ఆవిడతో కబుర్లు చెప్పుకుంటూ ఆకులు కుట్టేది.

"ఏటమ్మా, నీ పెట్టి మళ్ళీ అలిగిందేటి? రా, ఇలా కూకో" అనేది కొండమ్మ.

నెట్ పోయింది కాబట్టి వాళ్ళిద్దరూ ఒకచోట ఉన్నారు. నాకు మాత్రం వాళ్ళు ఒకచోట ఉన్నప్పుడే నెట్ పోతున్నట్టు కనబడింది. మోటార్ల విషయంలో ఇలాంటి పొరపాటు చేసే కుర్రాళ్ళని షాపులో నేనే తిడతాను.

మా వీధివాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఒకరోజు చిరాకులో అందులో రాశాను: "కొండమ్మ వచ్చి కూర్చుంటే చాలు, మా నెట్ ఆగిపోతోంది. చిల్లంగి కాదు కదా!" పక్కన పగలబడి నవ్వే బొమ్మలు పెట్టాను. చాలామంది నవ్వారు. ఒకరు మాత్రం నవ్వలేదు. తమ ఆవు పాలు తగ్గించింది కూడా ఆవిడ వచ్చినప్పట్నుంచేనని రాశారు. ఇంకొకరు తమ మనవరాలి జ్వరం సంగతి రాశారు.

నేను అప్పుడే "ఊరికే అన్నానండీ" అని ఒక్క ముక్క రాస్తే పోయేది. రాయలేదు.

తర్వాత కొద్ది రోజులకే ఎదురింటి నాయుడుగారు రోడ్డు దాటి వచ్చి, "ఏటే ముసలీ, నీ కట్ట ఎత్తు. ఈ వీధిలో మరి కనబడకు" అన్నారు. నేను మేడ మీద కిటికీ దగ్గరే ఉన్నాను, చేతిలో రౌటర్. కొండమ్మ తలెత్తి నా వైపు చూసింది. నేను రౌటర్ వెనక వైరు చూస్తున్నట్టు తల దించుకున్నాను. ఆవిడ ఆకులు తడిగుడ్డలో చుట్టుకుని, నెమ్మదిగా లేచి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళిపోయినా సైటు ఆగడం ఆగలేదు.

చివరికి కారణం దొరికింది. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఆయన ఫోన్‌లో చెబుతుంటే నేను రౌటర్ సెట్టింగులు తెరిచాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. సమాచారం మూటలు మూటలుగా వెళుతుంది. సిమ్ నెట్ దారిలో ఒకచోట అడ్డకమ్మీ లాంటిది ఉంటుంది. ఆటోలు దూరిపోతాయి, ఎత్తుగా చెరకు వేసుకున్న లారీ ఆగిపోతుంది. ఆఫీసు సైటువి పెద్ద మూటలు. టవర్ వాళ్ళు ఒక్కోసారి వేరే దారిన పంపుతారు కాబట్టి ఒక్కోసారి దాటిపోయేవి. మూట సైజు కొంచెం తగ్గించాం. అంతే, ఆ తర్వాత సైటు ఆగింది లేదు. వారాలు గడిచాయి, కుమారి పని నీళ్ళు పారినట్టు సాగింది.

"కారణం తెలిసింది కదా, ఎల్లి ఆ ముసలమ్మకి సెప్పండి. ఈదిలో కూడా సెప్పండి" అంది కుమారి. తనది కోటవురట్ల. కోపం వస్తే మాట పుట్టింటిదే వస్తుంది.

"చెబుదాంలే."

"ఎప్పుడండీ? మీ నోరేటి అరిగిపోద్దా?"

షాపులో పని ఎక్కువగా ఉందన్నాను. అబద్ధం కాదు. కానీ అసలు సంగతి అది కాదు. గ్రూపులో నలుగురి ముందూ నాది తెలివితక్కువ మాట అని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది.

ఇక ఆ మధ్యాహ్నం. వానలు పడుతున్న రోజులు. నేను షాపులో ఉండగా కుమారి ఫోన్ చేసింది. "మళ్ళీ పాత రోగమేనండీ. అన్నీ వస్తున్నాయి, ఆఫీసుది రావట్లేదు."

"రౌటర్ ఆపి మళ్ళీ వెయ్యి."

"ఏశాను. సున్నా తిరుగుతానే ఉంది." తర్వాత, "నేను కొండమ్మ దగ్గరికి ఎల్తన్నాను" అంది.

"పని టైములోనా? ఇప్పుడేంటి?"

"ఏమో. ఆ సున్నా సూత్తా ఉంటే ఆవిడే గుర్తొత్తంది. మీరు సెప్పరు, నేనే సెప్తాను."

ఫోన్ పెట్టేసింది. గొడుగు తీసుకుని బస్సు కాంప్లెక్స్ వైపు నడిచింది. కొండమ్మ ఇప్పుడు అక్కడ కూర్చుంటోందని ఎవరో చెప్పారట.

కింద వాటావాళ్ళు నాకు ఫోన్ చేసేటప్పటికి కుమారి ఇంకా తిరిగి రాలేదు. మేడ మీద ఏదో కూలిన చప్పుడు అయిందన్నారు. నేను పరిగెత్తుకొచ్చి తలుపు తీశాను.

శ్లాబు పెచ్చు ఊడి పడింది. చిన్నది కాదు, నేనొక్కణ్ణీ ఎత్తలేకపోయాను. పైన కప్పులో ఇనుప చువ్వలు కనబడుతున్నాయి. కుమారి రోజంతా కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ మధ్యకి చీలిపోయి ఉంది. బల్ల చివర లాప్‌టాప్ మీదంతా సిమెంటు పొడి. కిటికీలో రౌటర్, దాని పచ్చ లైటు.

పొడి తుడిచి చూస్తే ఆఫీసు సైటు తెరుచుకునే ఉంది. పేజీ మొత్తం వచ్చి, పేరు కొట్టమని ఎదురుచూస్తోంది.

నేను నేల మీదే కూర్చుండిపోయాను. కుమారి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, కుర్చీని చూసి, నన్ను చూసింది.

తర్వాత సెట్టింగులు చూశాను. మేము పెట్టిన అంకె పెట్టినట్టే ఉంది. ఆఫీసాయన్ని అడిగితే ఆ మధ్యాహ్నం తమ వైపు ఏ ఇబ్బందీ లేదన్నారు, మిగతావాళ్ళంతా పని చేసుకున్నారట. ఆ రోజు వరకు మళ్ళీ ఆగలేదు, ఆ రోజు తర్వాతా ఆగలేదు. శ్లాబు ఎందుకు ఊడిందో చెప్పగలను: పైన నీళ్ళు నిలిచి చువ్వలు తుప్పు పట్టాయి. సైటు ముందు ఎందుకు ఆగేదో చెప్పగలను. ఆ ఒక్కసారి ఎందుకు ఆగిందో చెప్పలేను.

మర్నాడు కుమారితో కలిసి కొండమ్మ దగ్గరికి వెళ్ళాను. చెప్పాలనుకున్నవన్నీ దారిలోనే మరిచిపోయాను. "తప్పు నాదమ్మా" అని మాత్రం అనగలిగాను.

ఆవిడ ఆకు మీంచి కళ్ళెత్తలేదు. "నాకు సిల్లంగే ఒస్తే ముందు నా మోకాళ్ళు బాగు సేసుకోనా బావూ? నీ పెట్టితో నాకేటి పని?" అంది. కుమారి నవ్వింది. ఆవిడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు ఆవిడ చేతిలో పని ఆపి, "ఆ రోజు కిటికీలోంచి నువ్వు సూసేవు. నేనూ సూసేను" అంది. మళ్ళీ ఆకు అందుకుంది.

అదే గ్రూపులో అంతా రాశాను. నెట్ పోవడానికి అసలు కారణం, నా తెలివితక్కువ మాట, నాయుడుగారు అరుస్తుంటే నేను తల దించుకోవడం. కొంతమంది మంచిపని చేశావన్నారు. నాయుడుగారు ఏమీ రాయలేదు గాని, కొండమ్మ మళ్ళీ మా గేటు దగ్గరికి వచ్చిన రోజున తమ అరుగు మీదున్న గోనెపట్టా తెచ్చి ఆవిడ కింద పరిచి వెళ్ళిపోయారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఇప్పుడేమంటున్నారంటే, ఆ రోజు నెట్ ఆపి కుమారిని బయటికి రప్పించింది కొండమ్మేనట. ఆవిడకి మహిమ ఉందట. పిల్లలకి తాయెత్తు కట్టమని అడగడానికి వస్తున్నారు. ఆవిడకి భయం పట్టుకుంది. "ఇయ్యాల దండం ఎట్టినోడే రేపు రాయి ఏత్తాడు బావూ. నాకేటీ రాదని నువ్వే సెప్పు" అని నన్నే అడిగింది.

అందుకే చెబుతున్నాను. ఆవిడకి విస్తర్లు కుట్టడం వచ్చు, మనిషి దిగులుగా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోవడం వచ్చు. అంతకంటే ఏమీ రాదు. మొదట్లో మా నెట్ పోయింది ఆవిడ వల్ల కాదు, ఆ మధ్యాహ్నం ఆగిందీ ఆవిడ వల్ల కాదు. నా భార్య బతికి ఉన్నందుకు నేను ఎవరికి దండం పెట్టాలో నాకు తెలియదు. పెట్టకుండా ఉండలేక రోజూ పొద్దున్న ఊరికే చేతులు జోడిస్తాను.

ఇల్లుగలాయన శ్లాబు మళ్ళీ వేయించారు. కొత్త కుర్చీ కొన్నాం. ఎప్పుడైనా ఏదో పేజీ రావడం కాస్త ఆలస్యమై సున్నా తిరుగుతుంటే, ఇంతకుముందులా రౌటర్ జోలికి వెళ్ళను. కుమారి లేస్తుంది, నేనూ లేస్తాను. ఇద్దరం మెట్లు దిగుతాం. కొండమ్మ మమ్మల్ని చూసి, గోనెపట్టా మీద కాస్త పక్కకి జరుగుతుంది.