ఉప్పు పూసిన జాడీ

ఆడపిల్ల బడికి పోతే మిరపకోతకు ఎవరు పోతారనే ఇల్లు మాది. ముసలితనంలో మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నా ముప్పయ్యో ఏట జరిగిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

చీరాల స్టేషనులో బండి కోసం కూర్చున్నాను. పక్కనున్నాయన డికాషన్ రంగు గాజుముక్కను వెలుగుకు పెట్టి చూస్తున్నాడు.

"పొయ్యిలో పడిందా అండీ?" అన్నాను.

"లేదమ్మా. ఇది తెల్లగాజే. అణు కిరణాలు తగిలి ఇట్లా అయింది. అణువులతో కరెంటు తీస్తే విషం మిగులుతుంది. దాన్ని గాజులో కలిపి వేల ఏళ్ళు దాచాలి. లోపలున్నదే గాజును పాడుచేస్తుందేమోనని, ఆ పరిశోధన చేసే మా భయం."

"మా ఉప్పు జాడీ కథే. కొన్నేళ్ళకు ఉప్పు జాడీని తినేసి బయటికి పూస్తుంది. కోడలు తుడవలేదని అత్త తిడుతుంది."

ఆయన నవ్వాడు. "తుడిస్తే బాగవుతుందా?"

"ఎక్కడ బాగవుతుందండీ? ఇక అందులో ఏం పోసినా..."

అప్పుడు గుర్తొచ్చింది. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందును మా ఆయన అట్లా ఉప్పు పూసిన జాడీలోనే పోసి, వాసెన కట్టి, పచ్చళ్ళ అటక మీద పెట్టాడు.

"ఏమయిందమ్మా?"

"ఏం లేదండీ."

మర్నాడు పొద్దున్నే అటకెక్కి ఆ జాడీ అడుగున గుడ్డ పెట్టి చూశాను. చెమ్మ తగిలింది. దాన్నీ, దాని చుట్టూ ఉన్న పచ్చడి జాడీలన్నిటినీ చేను గట్టుకు మోసుకెళ్ళి గుంట తీసి పూడ్చాను. "ఏడాదంతా ఇంటిల్లిపాదికీ ఏం పెడతావే?" అని అత్త వెంటబడి అరుస్తుంటే, గుంట మీద మన్ను తొక్కుతూ నిలబడ్డాను.