కుట్టుకి వదిలిన అరంగుళం

"పొయ్యి మీద గిన్నెడు నీళ్లు కాగడానికి పది నిమిషాలు పడుతుందా? నా బండి ఏడు నిమిషాల్లో కాచేస్తుంది. అదీ బకెట్టున్నర," అన్నారు మాస్టారు, లారీ బానెట్ లోపలి నుంచి. తల, భుజాలు ఇంజన్‌లో ఉన్నాయి. బయటికి కనిపిస్తున్నది ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు మాత్రమే.

"దానికి సంతోషపడాలా, బాధపడాలా మాస్టారూ?" అన్నాను.

"స్నానానికైతే సంతోషమే. ప్రయాణానికే ఇబ్బంది."

మాస్టారు దర్జీ. ముప్పై ఆరేళ్లుగా ఇంటి ముందు గదే ఆయన దుకాణం. మూడేళ్ల కిందట నేను ఒక ప్యాంటు పొడవు తగ్గించమని ఇచ్చి, ఆయన కబుర్లలో పడి ఆదివారాలన్నీ ఆ వాకిట్లోనే గడుపుతున్నాను. ఆ ప్యాంటు ఇంకా చేతికి రాలేదు. అడగడం నేనే మానేశాను.

లారీకి యాభై ఏడేళ్లు. దాని పాత యజమాని పదకొండేళ్ల కిందట ఈయన చేత సీటు కవర్లు కుట్టించుకుని, తీరా అవి తొడిగాక, ఇంజన్ పట్టేసింది కనక బండిని ముక్కలు చేయించేస్తానన్నాడట. "చుట్టూ పైపింగు వేసి కుట్టాను. అంత మంచి కవర్లు తొడుక్కుని అది పోవడమేమిటి?" అనుకుని మాస్టారు కవర్ల కోసం లారీనే కొనేశారు. తాడు కట్టి లాగించుకొచ్చి వాకిట్లో పెట్టారు. నట్లన్నీ విప్పి, గుండీలు పెట్టుకునే డబ్బాల్లో సైజుల వారీగా సర్దారు. ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుకి రంగు దారాలు కట్టారు. ఎవరూ నేర్పకుండానే తొమ్మిదేళ్లకి ఇంజన్ తిరిగింది. గడిచిన రెండేళ్లుగా అది తిరగడం, ఏడో నిమిషానికి ఆవిరి చిమ్మడం, ఇదే వరస.

కష్టం ఆయన భార్యది. ఆవిడను నేను అక్కా అంటాను. కోట్లకు, చొక్కాలకు చేత్తో కాజాలు కుడతారు. కాజాకి వెలుతురు కావాలి. కిటికీ ముందు లారీ నిలబడ్డాక గదిలోకి వెలుతురుకు బదులు దాని ముక్కు వస్తోంది. పట్టపగలు లైటు వేసుకుని కుట్టి కుట్టి, ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికే ఆవిడకి నాలుగు ప్రయత్నాలు పడుతున్నాయి.

అందుకే పోయిన వారం తేల్చి చెప్పారు. "కదిలేదైతే పగలంతా వీధి చివర ఖాళీ స్థలంలో పెట్టుకోండి. ఆదివారం దాకా గడువు. పొగలు కక్కకుండా అక్కడిదాకా వెళ్లిందా, మీ ఇష్టం. వెళ్లలేదా, పాత ఇనుము ఆయనకి ఇచ్చేస్తాను."

ఈ రోజు ఆదివారం. పాత ఇనుము ఆయన పొద్దున్నే తన మూడు చక్రాల రిక్షా తొక్కుకుంటూ వచ్చేసి, స్టూలు మీద కూర్చుని లారీని కాళ్ల నుంచి తల దాకా చూస్తున్నాడు.

"అలా చూడకయ్యా, దానికి దిష్టి తగులుతుంది," అన్నారు మాస్టారు.

"దిష్టి కాదండీ. ఎక్కణ్ణించి కోయాలా అని."

రేడియేటర్ మార్చారు, పైపులు మార్చారు, ఫ్యాన్ బెల్టు మార్చారు. మిగిలింది వాటర్ పంపు. దాన్ని నాలుగోసారి విప్పి బయటికి తీశారు. దాని అడుగున అట్టలాంటి ప్యాకింగ్ ముక్క ఊడి వచ్చింది. రెండు ఇనుప ముఖాల మధ్య నీళ్లు కారకుండా పెట్టేది. మాస్టారే షీటు తెచ్చి కత్తిరించుకుంటారు. అక్క టీ గ్లాసులు పట్టుకొచ్చి, ఆ ముక్కను రెండు వేళ్లతో ఎత్తి చూశారు.

"ఇది మీరు కత్తిరించిందేనా?"

"నేను కాక? కాగితం నమూనా తీసి, చాక్‌తో గీసి కత్తిరించాను. ప్రతిసారీ అదే నమూనా."

అక్క ముక్కను పంపు నోటి మీద పెట్టారు. పంపు నోరు టీ గ్లాసంత ఉంది. ప్యాకింగ్ కన్నం రూపాయి బిళ్లంత ఉంది.

"చుట్టూ అరంగుళం ఎందుకు వదిలారు?"

"కుట్టుకి," అన్నారు మాస్టారు, స్పానర్ తుడుచుకుంటూ.

మాస్టారు స్పానర్ తుడవడం ఆపేశారు. ముప్పై ఆరేళ్ల చెయ్యి అది. కొలత కనబడితే చాలు, అరంగుళం వదిలేస్తుంది. అంచుల బయట మిగిలినదాన్ని బిగించాక బ్లేడుతో నీటుగా కోసేసేవారు. లోపల మిగిలింది కనపడదు. నీళ్లు మాత్రం ఆ సందులోంచి దూరలేక అక్కడే మరిగేవి.

"ఇనుముకి కుట్టేంటండీ," అన్నాడు పాత ఇనుము ఆయన.

"నువ్వు టీ తాగు."

అక్క లోపలికెళ్లి కాజాలు చీల్చే చిన్న కత్తెర తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నారు. పంపు నోటికి సరిగ్గా కొత్త ముక్క కత్తిరించడం మొదలెట్టారు.

"అక్కా, మీరు చూసీ చూడనట్టు ఊరుకుంటే వాకిలి ఇవాళే మీదయ్యేది కదా," అన్నాను మెల్లగా.

"ఊరుకుందామనే అనుకున్నాను తమ్ముడూ. తప్పు కటింగు కళ్ల ముందుంటే నా వల్ల కాదు."

గంటలో పంపు బిగించారు. మాస్టారు స్టీరింగ్ దగ్గర, ఆవిడ ఇంజన్ వేడి చూపే మీటరు ముల్లు చూడ్డానికి పక్కన, నేను తలుపు పట్టుకుని మెట్టు మీద. లారీ ఐదు నిమిషాలు వాకిట్లోనే గురగురలాడి, ఒళ్లు విరుచుకుని గేటు దాటింది. వెనకే రిక్షా తొక్కుకుంటూ పాత ఇనుము ఆయన. ఆశ వదల్లేదు.

ఏడో నిమిషం వచ్చింది. ముల్లు సగంలోనే ఆగింది. ఎనిమిది, తొమ్మిది. వీధి చివర ఖాళీ స్థలం ముందు మాస్టారు బ్రేకు వేశారు. పాత ఇనుము ఆయన కిటికీ పక్కకి వచ్చి, ముల్లు వంక చూసి, "బాగా కుట్టారండీ," అని రిక్షా తిప్పుకున్నాడు.

"దిగు మరి," అన్నారు మాస్టారు భార్యతో.

ఆవిడ దిగలేదు. అద్దంలోంచి ముందున్న రోడ్డును చూస్తున్నారు. "మార్కెట్ దాకా పోనివ్వండి. పదకొండేళ్లు నా వెలుతురు తిన్నది, ఒక పూటైనా తిప్పదా?"

మాస్టారు మీసంలో నవ్వుకుని, జేబులోంచి దుకాణం తాళాలు తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు దిగవయ్యా. పదకొండింటికి ఒకాయన కోటు ట్రయల్‌కి వస్తాడు. టేపు మెడలో వేసుకుని నిలబడు, కొలతల జోలికి మాత్రం పోకు. ఆయనకి కబుర్లంటే ప్రాణం, నీకేమో వినడం బాగా వచ్చు. మేం వచ్చేదాకా మాట్లాడిస్తూ ఉండు."