చూసింది చెప్పండి, అనుకున్నది కాదు

ఆ రోజు మిరపకాయలు ఏరుతుంటే నా కుడిచేతి బొటనవేలు తనంతట తానే కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాను, ఆగలేదు. పక్క సాలులో ఉన్న మా అత్తమ్మను పిలుద్దామని నోరు తెరిచినంతవరకు గుర్తుంది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. ఈ రోజుకీ తెలియదు.

కళ్ళు తెరిచేసరికి మా ఇంటి అరుగు మీద ఉన్నాను. చీర తడిసిపోయింది. నాలుక ఒక పక్క తెగి నోట్లో రక్తం. ఒళ్ళంతా రోకలితో దంచినట్టు నొప్పులు. వాడలోని ఆడవాళ్ళంతా చుట్టూ చేరి చేతులు జోడించి నిలబడ్డారు. ఎవరో నా తల మీద వేపమండలు ఆడిస్తున్నారు. గొంతు ఎండిపోయి "నీళ్ళు" అన్నాను. అంతే! "అమ్మ సాక అడుగుతాంది" అని ఒకామె కేక వేసింది. సాక అంటే ముత్యాలమ్మకు పోసే పసుపూ బెల్లమూ కలిపిన నీళ్ళు. బిందెతో తెచ్చి నా కాళ్ళ మీద పోశారు. తాగడానికి మాత్రం ఒక్కరూ గుక్కెడు నీళ్ళివ్వలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఊరు జూలూరుపాడుకూ చండ్రుగొండకూ మధ్య అడవి అంచున ఉంటుంది. మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. మా ఆయన పాల్వంచలో షిఫ్టు డ్యూటీ చేసి, సెలవు దొరికినప్పుడు బస్సెక్కి ఇంటికి వచ్చేవారు. నేనూ అత్తమ్మా సేద్యం చూసుకునేవాళ్ళం. ఆయన వచ్చేలోపే నాకు రెండోసారీ అలాగే వచ్చింది. ఊరంతా పొక్కిపోయింది. మంగళవారం వస్తే చాలు, నిమ్మకాయలూ కొబ్బరికాయలూ పట్టుకుని జనం మా వాకిట్లో కూర్చునేవారు. ఫిట్ వచ్చిపోయాక మనిషికి మత్తుగా ఉంటుంది, ఏదేదో గొణుగుతాం. ఆ గొణుగుడుకు అర్థాలు చెప్పడానికి ఒక పూజారి కూడా కుదిరాడు. నా నోటి నుంచి వచ్చిన ముక్కలతో ఎవరి పిల్లకో పెళ్ళి సంబంధం తప్పిపోయిందని విన్నాను. ఆ పిల్ల నన్ను ఎంత తిట్టుకుందో!

మా ఆయన నన్ను ఒక డాక్టరు దగ్గరకు తీసుకుపోయారు. ఆ డాక్టరు వరంగల్ పంపి ఈఈజీ తీయించాడు. తలకు వైర్లు పెట్టి, కాగితం మీద గీతలు గీసే పరీక్ష అది. రిపోర్టు చూసి, "నార్మల్ ఉంది. ఫిట్స్ కాదు, హిస్టీరియా. ఇంట్లో ఏమన్నా గొడవలున్నయా?" అన్నాడు.

"నా నాలుక చూడండి సార్" అని నోరు తెరిచాను.

ఆయన కాగితం మీది నుంచి తల ఎత్తలేదు. "మిషన్ అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు.

మిషన్ అబద్ధం చెప్పిందని నేననలేదు. నేను బాగున్నప్పుడు తీశారు, బాగున్నానని చెప్పింది. వాన వెలిశాక ఆకాశం చూసి, నిన్న వానే పడలేదన్నట్టుంది ఈయన వరస. నాలుక మీద పుండు, ఒంటి మీద దెబ్బలు సాక్ష్యం కావా? నొప్పి మందూ, బలానికి టానిక్కూ రాసి పంపేశాడు.

ఇంకా విడ్డూరం ఇంటికొచ్చాక జరిగింది. ఆ రిపోర్టు సంగతి విని పూజారి ఎగిరి గంతేశాడు. "చూసిండ్రా! అంత పెద్ద మిషన్‌కే రోగం దొరకలేదంటే ఏందన్నట్టు? అది అమ్మవారే!" అన్నాడు. అమ్మవారిని నమ్మని డాక్టరు రాసిచ్చిన కాగితమే అమ్మవారికి రుజువైపోయింది. మా ఆయన కూడా డీలా పడిపోయారు. ఇక నా మాట వినేవాళ్ళు ఎవరు?

చలికాలం వచ్చింది. పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తుంటే మళ్ళీ బొటనవేలు కొట్టుకుంది. తెలివొచ్చేసరికి చెయ్యి మోచేయి దాకా కాలిపోయి ఉంది. నిప్పుల్లో పడ్డ చేతిని తీసింది అత్తమ్మే, ఆమె వేళ్ళూ బొబ్బలెక్కాయి.

ఆ పూజారి వచ్చినప్పుడు నేను కట్టు విప్పి చూపించాను. "అమ్మ పూనినోళ్ళు నిప్పుల గుండం తొక్కినా కాలదని నువ్వే చెప్తవు కదా. మరి నా చెయ్యి ఎందుకు కాలింది?" అని నిలదీశాను.

"మైల కలిసి ఉంటది. అందుకే అమ్మకు కోపమొచ్చింది" అన్నాడు, రెప్ప కూడా వేయకుండా.

కాలకపోతే అమ్మ వచ్చినట్టు, కాలితే అమ్మకు కోపం వచ్చినట్టు! అక్కడ ఆ డాక్టరేమో గీతల్లో దొరికితే రోగం, దొరక్కపోతే నాటకం అంటాడు. ఒకరికి పది మంది చెప్పిన మాట ఉంటే చాలు, కాలిన చెయ్యి అక్కర్లేదు. ఇంకొకరికి కాగితం ఉంటే చాలు, చూసిన మనుషులు అక్కర్లేదు. మధ్యలో నేనెవరికీ అక్కర్లేదు. ఈసారి నీళ్ళ బావి దగ్గర వస్తే చచ్చిపోతానని ఏడ్చాను. కబురు తెలిసి మా అన్న వచ్చి, "దీన్ని హైదరాబాద్ తీస్కపోతా. ఎవలడ్డమొస్తరో రాండ్రి" అన్నాడు. అత్తమ్మ కూడా బయల్దేరింది, అమ్మవారిని డాక్టర్లు ఒక్క మాటన్నా ఊరుకోనని చెప్పి మరీ.

అక్కడి దవాఖానాలో నన్ను చూసింది నెరిసిన జుట్టున్న ఒక డాక్టరమ్మ. నేను మొదటినుంచి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"బొటనవేలు దాకా మీరు చెప్పండి. ఆ తర్వాతది మీకు తెలియదు కదమ్మా. పడిపోయినప్పుడు చూసినవాళ్ళెవరు?"

నాకు చురుక్కుమంది. నా రోగం గురించి నన్ను అడగదా ఈవిడ కూడా? కానీ ఆమె చెప్పింది నిజం. నా ఒంటి మీద అంత జరిగితే, దాన్ని చూడనిది నేనొక్కదాన్నే.

అత్తమ్మ ముందుకు జరిగింది. "అమ్మవారొచ్చింది డాక్టరమ్మా. నా రెండు కండ్లతోని చూసిన."

డాక్టరమ్మ నవ్వలేదు, కసురుకోలేదు. "అమ్మవారిని చూశారా?" అని అడిగింది.

అత్తమ్మ తడబడింది. "అమ్మవారు కనబడతదా ఏంది? పిల్లనే చూసిన."

"మరి పిల్లలో ఏం చూశారు? మీరనుకున్నది వద్దు. చూసింది చెప్పండి."

అప్పుడు చెప్పింది అత్తమ్మ. "ముందుగాల కుడిచెయ్యి బొటనేలు కొట్టుకుంటది. ఆనక చెయ్యంత. మూతి కుడిదిక్కు గుంజుకపోతది, మెడ గూడ అటే తిరుగుతది. గప్పటిదాక పిలిస్తే నా దిక్కు చూస్తది. అటెన్క కట్టెలెక్క బిగుసుకొని పడిపోతది. పెదాలు నీలమైతయి. లేసినంక శానాసేపు కుడిచెయ్యి లేవదు, ముద్ద నేనే పెడత."

"ప్రతిసారీ కుడి చెయ్యేనా?"

"అవ్. ఎడమచెయ్యి ముందుగాల కొట్టుకున్నది నేనెన్నడు చూడలే."

డాక్టరమ్మ రాయడం ఆపి మా అన్న వైపు చూసింది. "కుడి చేతిని ఆడించేది మెదడులో ఎడమ పక్క. కుడి చేతితో మొదలవుతోందంటే ఆ పక్క ఏదో ఉంది. సీటీ స్కాన్ తీద్దాం" అంది. తీశారు. ఎడమ పక్కనే చిన్న మచ్చ. గ్రాన్యులోమా, అంటే చిన్న వాపుగడ్డ అన్నారు. నయమయ్యేదేనన్నారు. ఈఈజీ నార్మల్ వచ్చిందని నేను గుర్తుచేస్తే, "ఫిట్ లేనప్పుడు తీస్తే చాలామందికి నార్మలే వస్తుంది. అంతమాత్రాన జబ్బు లేదనకూడదు" అంది ఆమె.

సంతోషించాలి కదా? నాకు కోపం ముంచుకొచ్చింది. తిరుగు బస్సులో అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను. "గింత తెలిసి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు?"

"ఎవలడిగిన్రే?" అని ఆమె నాకంటే పెద్దగా అరిచింది. బస్సంతా మా వైపు తిరిగింది. "అమ్మ ఏమన్నది, అమ్మ ఏమడిగింది అని అందరడిగిన్రు. ఆ డాక్టరన్న నన్ను లోపలికి పిలిచిండా? నీకేమైతాందో చెప్పుమని ఒక్కలన్న నన్నడిగిండ్రా?"

బొబ్బలు మానిన ఆమె వేళ్ళు పట్టుకుని ఊరొచ్చేదాకా కూర్చున్నాను.

మందులతో వెంటనే అంతా సర్దుకోలేదు. ఫెనిటాయిన్ టాబ్లెట్లకు చిగుళ్ళు ఉబ్బి అన్నం నమలలేకపోయాను. పగలంతా జోగేదాన్ని. మళ్ళీ పోతే టాబ్లెట్ మార్చారు, అది సరిపడింది. ఫిట్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. జనం రావడమూ ఆగింది. జాతర ముందు పూజారి వచ్చి, "గోళీలు మింగుతున్నవు గాబట్టే అమ్మ వస్తలేదు" అని నిష్ఠూరమాడాడు.

"అవ్, అందుకే మింగుతున్న" అన్నాను.

ఇప్పుడు మిరప చేనుకు ఒక్కదాన్నే పోతున్నాను. ముత్యాలమ్మకు ఏటా బోనం నేనే ఎత్తుతున్నాను. నా కోపం ఆ తల్లి మీద కాదు. ఆమె పేరు చెప్పి నా వైపు చూడనివాళ్ళ మీద, మిషన్ పేరు చెప్పి నా వైపు చూడనివాళ్ళ మీద. ఆ కోపం టాబ్లెట్లకు తగ్గలేదు, తగ్గాలని నాకూ లేదు.

మీకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఎదుట ఎవరైనా ఫిట్ వచ్చి పడిపోతే, అదేమిటో తేల్చే పని పెట్టుకోకండి. ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, మెడ ఎటు తిరిగింది, ఎంతసేపుంది, లేచాక ఎలా ఉంది అన్నది చూడండి. చూసినవాళ్ళు రోగితో పాటు డాక్టరు దగ్గరకు పోండి. లోపలికి రావద్దంటే గొడవ పెట్టుకునైనా సరే పోండి.

మొన్న జాతరలో డప్పుల మధ్య ఒక చిన్నపిల్ల విరుచుకుపడిపోయింది. వేపమండల కోసం నలుగురు పరుగెత్తారు. డెబ్భై దాటిన మా అత్తమ్మ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పోయి, పిల్లను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టింది. "జరుగుండ్రి! ఏ చెయ్యి ముందుగాల కొట్టుకున్నదో చూసినోళ్ళెవలు?" అని గద్దించింది. పిల్ల తల్లి ఏడుస్తూనే చూసింది చెప్పింది. కాసేపటికి పిల్లకు బాగా తెలివొచ్చి, లేచి కూర్చుని "నీళ్ళు" అంది.

సాక బిందె పట్టుకుని ఒకామె ముందుకొచ్చింది. అత్తమ్మ ఆమెను పక్కకు జరిపి, నా చేతిలోని మంచినీళ్ళ చెంబు లాక్కుంది.

"తాగు బిడ్డా" అంది.