అద్దాల గది పక్కన దిబ్బ

నేను ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టాను. పట్టు అంటే నాకు తెలిసింది దారమే. ఆ దారం వెనక పురుగు ఉంటుందనీ, దానికి పసిబిడ్డకన్నా ఎక్కువ చాకిరీ చేయాలనీ హిందూపురం దగ్గర ఈ ఊరికి కోడలిగా వచ్చాకే తెలిసింది. నేర్పింది మా అత్త. పురుగులు షెడ్డులో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో దోమల చక్రం వెలగదు, సెంటు పూసుకోం, మిరపకాయలు వేయించం. బీడీ తాగిన చేత్తో నా మొగుడు ఆకు ముట్టుకుంటే కొడుకని కూడా చూడకుండా చెడామడా తిట్టేది.

పెనుకొండకు పోయే రోడ్డును వెడల్పు చేసినప్పుడు మా మల్బరీ తోటలో ఒక ముక్క పోయింది. పోతే పోయిందిలే, బస్సన్నా దగ్గరికొచ్చింది అనుకున్నాం. తర్వాత మిగిలిన తోటకు తూర్పున రిసార్టు లేచింది. పెనుకొండ కోట చూడటానికి వచ్చే బెంగళూరు వాళ్ళు సెలవు రోజుల్లో దిగే చోటది. మా గట్టుకు ఆనుకునే అద్దాల గోడలతో భోజనాల గది కట్టారు. పచ్చటి తోటను చూస్తూ తినాలట. పచ్చదనం మాది, బిల్లు వాళ్ళది.

అక్కడి మేనేజరు మొదట మంచిగానే వచ్చాడు. గెస్టులను తీసుకొచ్చి పురుగులను చూపిస్తానన్నాడు. అత్త కుదరదంది. ఎందుకు కుదరదో విడమరిచి చెప్పింది కూడా. సెంటు పడదు, పొగ పడదు, దోమల మందు గాలి సోకినా పంట మొత్తం పోతుంది అంది. అతను చాలా శ్రద్ధగా విన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు కార్లు నిలుపుకోవడానికి మా తోట అమ్మమన్నాడు. అత్త ఇవ్వనంది. తోట పోతే ఆకు లేదు, ఆకు లేకపోతే పురుగు లేదు. అప్పుడు నేనూ నా మొగుడూ ఊళ్ళో సగం మందిలాగా ఫ్యాక్టరీల ముందు చీపుర్లు పట్టుకోవాల్సిందే.

కార్తీకంలో మా వైపు గాలి తూర్పు నుంచి వీస్తుంది. అప్పుడు షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. చర్మం విడిచే ముందు అవి తిండి మాని పడుకుంటాయి, దాన్నే మేం జ్వరం అంటాం. నాలుగోది లేచాక ఆబగా తిని, వారానికల్లా గూడు కట్టడానికి సిద్ధమవుతాయి. ఆ సాయంత్రం రిసార్టులో మిషను గుర్రుమంది. దోమలకు పెట్టే పొగ. తెల్లగా గట్టు దాటి, తోట మీదుగా మా షెడ్డులోకి వచ్చింది. కిటికీలకు తడి గోనెపట్టలు కట్టాం. తెల్లారేసరికి పురుగులు తలలెత్తి పచ్చటి పసరు కక్కుతున్నాయి. అత్త వాటిని అరచేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చుంది. ఒక్కటీ గూడు కట్టలేదు. చేటలతో ఎత్తి గుంటలో పోసింది నేనే.

ఆ చేతులతోనే మేనేజరు దగ్గరికి పోయాను. అతను కుర్చీలోంచి లేవలేదు.

"మా స్థలంలో మేం పొగ పెట్టుకున్నామమ్మా. దోమలకు పెట్టాం, మీ పురుగులకు కాదు" అన్నాడు.

ఇప్పుడైనా తోట సంగతి ఆలోచించమని కూడా అన్నాడు. మా అత్త చెప్పింది అంత శ్రద్ధగా ఎందుకు విన్నాడో నాకప్పుడు అర్థమైంది. ఇక ఇక్కడి నుంచి వాణ్ణి 'వాడు' అనే రాస్తాను.

పోలీసు స్టేషనుకు పోదామన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది.

"ఆషాఢం రానీ మ్మే. అప్పుడు గాలి మనదైతాది."

ఆషాఢం దాకా మేం పురుగులు తేలేదు. నా మొగుడు కూలికి పోయాడు. అత్త మాత్రం దిబ్బ వేసింది. ఎప్పుడూ షెడ్డు వెనక వేసే ఎరువు దిబ్బను ఈసారి తూర్పు గట్టు మీదికి, సరిగ్గా అద్దాల గది ఎదురుగా మార్చింది. మా బర్రెల పేడ, ఊళ్ళో వాళ్ళ పేడ, పరిగి వైపు నుంచి ట్రాక్టరులో కోళ్ళ ఫారం పెంట. మగ్గం మీద తెగిన పోగును ముడి వేయకుండా వదిలితే చీరంతా చెడుతుందనేవాడు మా నాయన. మా అత్త ఎన్నడూ మగ్గం ఎక్కలేదు గానీ ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆషాఢం వచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి, పడమటి గాలి లేచింది. అద్దాల నిండా ఈగలు. గెస్టులు ముక్కు మూసుకుని కంచాల ముందు నుంచి లేచిపోవడం మా గట్టు మీది నుంచే కనబడింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వాడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. అత్త మల్బరీ కొమ్మలు నరుకుతోంది. కొడవలి ఆపకుండానే జవాబు చెప్పింది.

"మా నేల్లో మేము దిబ్బ ఏసుకున్యాం సారూ. మల్బరీకి ఏసుకున్యాం, మీ గెస్టులకు కాదు."

దుడ్లు ఇస్తానన్నాడు. కేసు పెడతానన్నాడు. చేలో ఎరువు వేసుకుంటే కేసేమిటని ఊళ్ళో అందరూ నవ్వారు. చివరికి పొగ మిషను ఆపేశామని, ఇక పెట్టబోమని వాడే వచ్చి చెప్పాడు.

శ్రావణంలో పంట తీశాం. హిందూపురం మార్కెట్లో మా గూళ్ళను నలుగురూ చేతిలోకి తీసుకుని చూశారు. ఇంటికి వస్తూ బస్సులో అత్త, "ఇంగ సాల్లే మ్మే, దిబ్బ ఎనక్కి మార్సేద్దాం" అంది. ఆమె మెత్తబడింది. చచ్చిన పురుగులను ఎత్తిపోసిన చేతులు నావి. నేను మెత్తబడలేదు.

దిబ్బ అక్కడే ఉంది. శనివారం పొద్దున బెంగళూరు కార్లు రోడ్డు దిగడం మొదలవగానే నేను పార తీసుకుని గట్టెక్కుతాను. అడుగు నుంచి తిరగేస్తే ఎరువు బాగా మాగుతుంది, ఆకుకు బలం. వాడు అద్దం వెనక నిలబడి చూస్తుంటాడు. నేను కూడా ఒకసారి తలెత్తి వాణ్ణి చూస్తాను. చూసి, ఇంకో పార తిరగేస్తాను.